ఎర్ర గళ్ళలో గుండప్ప

మీరు ఎన్నైనా చెప్పండి, మూత్రాశయంలో క్యాన్సర్ వస్తే ఈ కాలంలోనే రావాలి! మా తాతల కాలంలో వచ్చి ఏం లాభం? ఎందుకు పోతున్నారో తెలియకుండానే పోయేవాళ్ళు. ఇప్పుడైతే గడ్డలో చిన్న ముక్క కోసి, అందులో ఏ జన్యువు ఎంత జోరుగా పనిచేస్తోందో కొలిచి, రోగం ముదురుతుందా, మనిషి నిలుస్తాడా అన్నది ముందే చెప్పేస్తున్నారు. దీన్ని జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటారట. నోరు తిరగకపోయినా ఒక దండం పెట్టుకోండి.

ఆలోచించండి. గుడిబండె బస్సు ఎప్పుడొస్తుందో కండక్టరుకే తెలియదు. పాతపాళ్యలో వేరుశెనగ వేసినవాడికి వాన సంగతి తెలియదు. చింతామణి మార్కెట్టులో టమోటా ధర మధ్యాహ్నానికి ఏమవుతుందో ఆ దేవుడికే తెలియదు. కానీ బాగేపల్లి గుండప్ప గతి ఏమవుతుందో బెంగళూరులో ఒక మెషీనుకు తెలిసిపోయింది! ఇంతకంటే అభివృద్ధి ఏం కావాలండీ?

గుండప్ప అంటే బస్టాండు పక్కన చిల్లర అంగడి పెట్టుకున్న మా గుండప్పే. మూత్రంలో నెత్తురు పడితే ఊరంతా "వేడి చేసిండాది, మజ్జిగ తాగప్పా" అన్నారు. చూసిన డాక్టరూ అదే అన్నాడు, కాకపోతే కన్నడంలో. మజ్జిగ తాగీ తాగీ మనిషి సగమయ్యాక బెంగళూరుకు తీసుకుపోయారు. అక్కడి పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూసి, గడ్డ ఉందని, మూత్రాశయం తీసేస్తే బతుకుతాడని, ఆపరేషన్ తేదీ తర్వాత చెబుతామని అన్నారు. గడ్డలోంచి కోసిన ముక్కను మాత్రం ఆ రోజే పరిశోధనకు పంపేశారు. ముక్కకు ఉన్న మర్యాద మనిషికి ఎందుకుంటుంది, మీరే చెప్పండి!

కొన్నాళ్ళకు చిక్కబళ్ళాపురంలో క్యాన్సర్ గురించి సభ పెట్టారు. ఆ పరిశోధన చేసిన డాక్టర్ నందీశ్ గారు తెర మీద ఒక బొమ్మ వేశారు. ఎరుపూ ఆకుపచ్చా గళ్ళు, అచ్చం లుంగీ గుడ్డ. గుండప్ప భార్య సులోచనమ్మ లేచి అడిగింది.

"ఇందులో మా ఇంటాయన యాడుండాడు సార్?"

ఆయన ఎర్ర లైటు వేసి చూపించారు. "ఈ వరసమ్మా. చూడండి, అంతా ఎరుపే, అంటే జన్యువులు జోరుమీదున్నాయి. ఇట్లాంటి గడ్డ తొందరగా పాకుతుంది. చాలా క్లియర్ రిజల్ట్!"

"అట్లయితే ఆపరేషన్ కూడా తొందరగా చేస్తారు కదప్పా?"

"అది వేరే డిపార్ట్‌మెంటమ్మా."

చప్పట్లు మోగాయి. శాస్త్రమంటే నాకూ గౌరవమే కాబట్టి నేనూ కొట్టాను.

ఇక ఆ వేరే డిపార్ట్‌మెంటు సంగతి. గుండప్ప వెళ్తే ఒకసారి బెడ్డు లేదు. ఒకసారి మత్తు డాక్టరు లీవు. ఇంకోసారి బట్టలు మార్పించి, పడుకోబెట్టి, మెషీను రిపేరని లేపి పంపారు. అదే పరిశోధనవాళ్ళ శ్రద్ధ చూడండి! నెల తప్పకుండా అంగడికి ఫోన్ చేస్తారు, గుండప్పగారు ప్రాణంతో ఉన్నారా అని. ఎవరు ఎన్నాళ్ళున్నారో రాసుకుంటే తప్ప తమ జోస్యం నిజమో కాదో తేలదు కదా, పాపం!

ఒకసారి గుండప్పే ఫోన్ ఎత్తాడు. "ఇంకా ఉండానప్పా. మీ లెక్క చెడిపోతాందేమో, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పక్కనే ఉన్న నాకు ఒళ్ళు మండిపోయింది.

పోయిన వారం మళ్ళీ ఫోన్ మోగింది. సులోచనమ్మ ఎత్తి, "లేడప్పా, పోయినాడు" అంది. అవతల నందీశ్ గారు "సారీ అమ్మా" అన్నారు. ఊరుకోలేక, "మా అంచనా అయితే సరిపోయింది" అని కూడా అన్నారు.

చూశారా, శాస్త్రం ఎంత గొప్పదో! పొల్లుపోలేదు. ఆ జోస్యం పొల్లు పోకుండా బెడ్డూ, మత్తు డాక్టరూ, మెషీనూ, అందరూ తలా ఒక చెయ్యి వేశారు.

సులోచనమ్మ ఏడవలేదు.

"ఆపరేషన్ వాళ్ళకూ ఒక మాట చెప్పప్పా" అంది. "ఆయన కోసరం కాచుకోని ఉంటారేమో."