బామ్మ లేచే పద్ధతి

శనివారం పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు పేపరు చదవడం ముగించి కుర్చీలోంచి లేస్తారు. పుస్తకాల అలమరలో దాచిన ఫోను ఆ లేవడాన్ని వీడియో తీస్తుంది. మధ్యాహ్నానికల్లా కంప్యూటరులో అతను గీసిన బామ్మ కూడా అలాగే లేస్తుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. నష్టం లేని పథకాలే కొంపలు ముంచుతాయని అతనికి అప్పటికి తెలియదు.

అతను పనిచేసేది మోకాళ్ళ ఆసుపత్రిలో. రోగుల పేర్లు రాసుకోవడం ఉద్యోగం, ఇంటికొచ్చాక కంప్యూటరులో బొమ్మల్ని ఆడించడం సరదా. ఆ సరదా సంగతి తెలిసి డాక్టరుగారు ఒక పని అప్పజెప్పారు. కుర్చీలోంచి జాగ్రత్తగా లేవడం ఎలాగో రోగులకు చూపే ఒక నిమిషం బొమ్మల సినిమా చెయ్యాలి. అతను నెల్లాళ్ళు కష్టపడ్డాడు. డాక్టరుగారు చూసి, "ఏమయ్యా, మీ బామ్మ లేవడం లేదు. ఎవరో కింద జాకీ పెట్టి లేపుతున్నారు," అన్నారు. సోమవారానికి సరిచెయ్యకపోతే బయట కొంటానని కూడా అన్నారు.

మాట నిజమే. బామ్మ తలా నడుమూ మోకాళ్ళూ ఒకే క్షణాన బయలుదేరి ఒకే క్షణాన ఆగేవి. ప్రాణమున్న మనిషి అలా లేవడు. ముందు చూపు లేస్తుంది, తర్వాత మెడ. పైకి వెళ్ళబోయే ఒళ్ళు ముందు ఒక్క పిసరు కిందికి దిగి, ముందుకు వంగి, అప్పుడు లేస్తుంది. ఇదంతా పాఠాల్లో చదువుకున్నాడు గానీ కళ్ళారా చూడాలి కదా. చెప్పి తీస్తే ఎవరూ మామూలుగా కదలరు. మొన్న భార్యను కూర్చోబెట్టి తీస్తే, జుట్టు సర్దుకుని, పెళ్ళిచూపుల్లో నవ్వినట్టు నవ్వుతూ లేచింది. అందుకే ఈ చాటుమాటు వ్యవహారం.

అత్తగారు ముప్పై రెండేళ్ళు బళ్ళో డ్రిల్లు టీచరుగా చేశారు. మోకాలు వాచి, కూతురి ఇంటికి వచ్చి పదిహేను రోజులైంది. వాపు తగ్గింది, ఆదివారం సాయంత్రం నా ఇంటికి నేను వెళ్ళిపోతానంటున్నారు. కూతురు షరతు పెట్టింది. "దేన్నీ పట్టుకోకుండా లేవగలిగితేనే వెళ్ళు. లేకపోతే ఇక ఇక్కడే ఉండిపో." ఆ షరతు అల్లుడికీ తెలుసు. కానీ అతని బుర్రనిండా బామ్మే ఉంది.

వెనక వరసలో బఠాణీలు నమిలే పిల్లల్ని ముందు వరసలోంచే పట్టుకున్న కళ్ళు అత్తగారివి. అలమరలో ఫోను వాటికి ఒక లెక్కా? ఆవిడ పేపరు మడిచారు. అలమర వైపు ఒకసారి చూశారు. చేతులు రెండూ ఒంటికి అంటించి, జెండా కర్రలా నిటారుగా లేచి నిలబడ్డారు.

గదిలోకి వెళ్ళి వీడియో చూసుకున్న అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. అచ్చం అతని బామ్మే!

కుర్చీ ఎత్తు ఎక్కువైందేమో అనుకుని, దాన్ని తీసేసి వంటింట్లోని పొట్టి స్టూలు తెచ్చి వేశాడు.

"కుర్చీ ఏమైంది బాబూ?"

"కాలు ఊగుతోందత్తయ్యా. ఇవాళ్టికి దీనిమీద కూర్చోండి."

"ఓహో," అన్నారావిడ. కూర్చున్నారు. పళ్ళ బిగువున మళ్ళీ జెండా కర్రలాగే లేచారు. ఈసారి నుదుటి మీద చెమట మాత్రం కొత్తది. అతను పట్టు వదల్లేదు. ఆవిడ కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టాడు, పేపరు తీసి బల్లమీద పెట్టాడు. అత్తగారు ప్రతిసారీ నడుం వంచకుండా లేచి తెచ్చుకున్నారు. చివరికి అతను విసుగెత్తి నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాడు: "అత్తయ్య, నాలుగుసార్లు. చేతులు దేనికీ ఆనించడం లేదు. ఇది అసలు కదలిక కాదు, ఏదో దాస్తున్నారు. సోమవారం లోపు తేలకపోతే డాక్టరుగారు ఊరుకోరు."

కాఫీ కప్పు పెట్టడానికి వచ్చిన భార్య అది చదివింది. కప్పు అక్కడే వదిలేసి హాల్లోకి పరుగెత్తింది.

"అమ్మా, రేపు నువ్వు వెళ్ళడం లేదు. నీ మోకాళ్ళ సంగతి డాక్టరు దాకా వెళ్ళింది."

సోఫాలో కూర్చున్న అత్తగారు తలెత్తారు. "తెలుసే. పొద్దుట్నించీ ఫోను పెట్టి సాక్ష్యం తీస్తున్నారు మీ ఆయన. కుర్చీ తీసి స్టూలు వేశారు. రేపు గోతిలో కూర్చోబెడతారు కాబోలు!"

"అయ్యో, అది కాదత్తయ్యా!" అంటూ వచ్చాడు అల్లుడు.

"ఏది కాదు? రేపటిదాకా ఎందుకు, నా ఇంటికి ఇప్పుడే వెళ్తాను!"

కోపంలో ఆవిడ, అలమరలో ఇంకా వీడియో తీస్తూనే ఉన్న ఫోను సంగతి మరచిపోయారు. ముందు కళ్ళు గుమ్మం కేసి లేచాయి, తర్వాత మెడ. ఒళ్ళు వెనక్కి ఊగి ముందుకు వంగింది. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి బల్ల అంచు మీద పడ్డాయి. "అమ్మా" అనే చిన్న మూలుగుతో నడుం లేచింది. అది లేచిన కాసేపటికి గానీ వీపు లేవలేదు.

"అదీ! అదే అత్తయ్యా! పొద్దుట్నించీ దీనికోసమే చచ్చిపోతున్నా!" అని చప్పట్లు కొట్టాడు అల్లుడు.

ఇంకెవరూ కొట్టలేదు. అత్తగారి చెయ్యి బల్ల అంచునే పట్టుకుని ఉంది. కూతురు ఆ చేతినే చూస్తోంది. తాను చేసిన ఘనకార్యం అప్పుడు అర్థమైంది అతనికి. సిగ్గుతో తల వంచుకుని, కంప్యూటరు తెచ్చి, మొదటినుంచీ అంతా చెప్పి, బామ్మను చూపించాడు.

అత్తగారు మూడుసార్లు చూశారు. "ఈవిణ్ణి ఎవరో చూస్తున్నారు బాబూ. అందుకే ఇలా లేస్తోంది," అన్నారు. కంప్యూటరు మూసి మళ్ళీ అన్నారు. "మా ఇంట్లో గోడ పట్టుకుని లేచినా, మూలుగుతూ లేచినా అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ లేచినప్పుడల్లా నాలుగు కళ్ళు మార్కులు వేస్తాయి. నొప్పికన్నా అదే బాధ."

కూతురి కళ్ళు చెమర్చాయి, పట్టు మాత్రం సడలలేదు. "పట్టుకుంటే గానీ లేవలేని మనిషిని ఒంటరిగా ఎలా పంపనమ్మా?"

"పట్టుకునే లేవమంటారు మా డాక్టరుగారు. సినిమాలో చెప్పేదే అది," అన్నాడతను నసుగుతూ. నెల్లాళ్ళుగా బొమ్మకు నేర్పుతున్న పాఠం ఇంట్లో మనిషికి చెప్పాలని తోచనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

"అయినా పట్టుకోకుండా లేవడం అంత బ్రహ్మవిద్యేం కాదు," అంది భార్య.

అత్తగారి గొంతు మారిపోయింది. "అలాగా? స్టూలు మీద కూర్చో. చేతులు కట్టుకో. ఊఁ, లే!"

కూతురు వంగింది, మళ్ళీ కూర్చుంది. రెండోసారి ఊగింది, మళ్ళీ కూర్చుంది. మూడోసారి మొగుడి చొక్కా పుచ్చుకుని, "అబ్బా" అంటూ లేచింది.

"పట్టుకున్నావు," అన్నారు అత్తగారు. "ఇక నువ్వూ ఎక్కడికీ వెళ్ళకు."

కూతురికి నవ్వాగలేదు. షరతు అక్కడితో రద్దయింది.

ఆదివారం సాయంత్రం అత్తగారు కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, తీరిగ్గా మూలుగుతూ లేచి, తన ఇంటికి బయలుదేరారు. గుమ్మం దాటుతూ అల్లుడితో మెల్లగా అన్నారు. "నా వీడియోలన్నీ చెరిపెయ్యండి బాబూ. మా అమ్మాయిది ఉంచుకోండి."

సోమవారం డాక్టరుగారు కొత్త సినిమా రెండుసార్లు చూశారు. "ఇదయ్యా లేవడమంటే! ఆ ఊగడం, ఆ పట్టుకోవడం... ఎవరిని చూసి చేశావు? పాపం, ఆ పెద్దావిడ మోకాళ్ళు బాగా అరిగినట్టున్నాయి. ఒకసారి తీసుకురా."

ఆ పెద్దావిడకు ముప్పై తొమ్మిదేళ్ళని గుమాస్తా చెప్పలేదు గానీ, అపాయింట్‌మెంటు మాత్రం రాసుకున్నాడు.