మెత్తమ్మకు చప్పుడు తగిలించారు

ఒక పెద్ద అడవిలో, కొండ కింది ఊటకీ ఇప్పచెట్ల మెరకకీ మధ్య రాకపోకలన్నీ చాలాకాలం అడవిదున్నల మీదే సాగాయి. దున్న ఎక్కితే ఒళ్ళు హూనమయ్యేది. దారి పొడుగునా బుసలు, రంకెలు, దుమ్ము. తెల్లగా ఎక్కిన కుందేలు దిగేసరికి నక్క రంగులోకి మారేది. ఎలుగుబంటి రవాణా సంఘానికి అధ్యక్షుడయ్యాక, దున్నలు ఇంటికి పోవచ్చు, ఇకనుంచి ఏనుగులు చాలు అని తీర్మానం చేశాడు.

అలా పనిలో చేరిన మొదటి ఏనుగు మెత్తమ్మ. అరికాళ్ళ కింద దూది కట్టుకున్నట్టు నడిచేది. ఎండుటాకు మీద అడుగేసినా ఆ ఆకుకే తెలిసేది కాదు. తల్లికోతులు వేరే పని లేకపోయినా, పిల్లల్ని నిద్రపుచ్చుకోవడానికి ఆమె మీద ఓ చుట్టు తిరిగొచ్చేవి. తన వీపు మీద కూర్చున్నవాళ్ళకి ఒక్క కుదుపు కూడా తగలకూడదని మెత్తమ్మ పట్టుదల. ఆ నడకంటే ఆమెకి లోలోపల కాస్త గర్వం కూడా.

మూడో వారంలో, ఊట దగ్గరి మలుపులో, ఆమె సూదుల సాంబయ్యను తొక్కబోయింది.

సాంబయ్య ముసలి ముళ్ళపంది. కళ్ళు మసకలు, దారంతా చెవులతోనే చూసుకుంటాడు. వెనక ఏమీ వినపడలేదు గనక దారి మధ్యలో నిలబడి తీరిగ్గా దుంప తవ్వుకుంటున్నాడు. మెత్తమ్మ ఆఖరి క్షణంలో కాలు పక్కకి వేసింది. సాంబయ్యకి ఏమీ కాలేదు. మెత్తమ్మ కాలికి మాత్రం ఏడు ముళ్ళు దిగాయి.

ఆ ముళ్ళు ఒక్కొక్కటే పళ్ళతో పీకుతూ సాంబయ్య అన్నాడు: "నీ తప్పు కాదమ్మా. దున్న వస్తే కోసెడు దూరంనుంచే తెలిసేది. నువ్వు వచ్చావని నీ నీడ మీద పడ్డాకగాని తెలియలేదు."

మెత్తమ్మకి ముళ్ళకంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. "ఇకనుంచి మలుపు దగ్గర నేనే చెప్తాను తాతా. 'వస్తున్నాను, కాస్త జరుగు' అంటాను. సరిపోతుందా?"

"అంతకంటే ఏం కావాలి?"

అక్కడితో తెమిలిపోవలసిన సంగతి. కానీ ఆ సమయంలో ఆమె వీపు మీదున్న కోతి ఒకటి దిగీదిగగానే సంఘానికి పరిగెత్తింది. సాయంత్రానికల్లా ఏడు ముళ్ళు డెబ్భై అయ్యాయి. మర్నాడు మెత్తమ్మని పిలిపించారు.

"నోటితో చెప్తానంటోంది," అన్నాడు సంఘం కార్యదర్శి నక్క. "ఒకరోజు జలుబు చేస్తే? ఒకరోజు అలిగి కూర్చుంటే? భద్రతని ఒకరి నోటికి ఎలా వదిలేస్తాం?"

"నాకు తొండం ఉందండీ. ఊదుతాను," అంది మెత్తమ్మ.

"అది నీ సొంత చప్పుడు. మాకు కావలసింది సంఘం ఆమోదించిన చప్పుడు."

ఎలుగుబంటి తేనె నాకుతూ తలూపాడు. దేనికైనా ఆయన అలాగే తలూపుతాడు.

మొదట ఒక మైనాని మెత్తమ్మ నెత్తి మీద కూర్చోబెట్టి పాడించారు. పాట బాగుంది. అదే చిక్కయింది. వినడానికి అడవంతా దారి మధ్యలోకి వచ్చి కూర్చుంది. పొద్దున ఊట దగ్గర బయల్దేరిన మెత్తమ్మ మెరక చేరేసరికి పొద్దు వాలింది.

"పాట వద్దు. పులిలా గుర్రుమను," అని మైనాకి నక్క చెప్పాడు. మైనా గుర్రుమంది. దారి క్షణంలో ఖాళీ అయింది. వీపు మీదివాళ్ళు కూడా దూకేశారు. మెత్తమ్మ తేరుకునేసరికి మోకాళ్ళ లోతు ఊటబురదలో ఉంది.

"అది మైనాయేనని నాకు తెలుసు తాతా," అని తర్వాత సాంబయ్యతో చెప్పుకుంది. "నా కాళ్ళకే తెలియలేదు."

అప్పుడు బుసలయ్య సంఘానికి వచ్చాడు. పని పోయిన దున్నలకి ఆయన పెద్ద. "ఈ దారిలో జనానికి అలవాటైన చప్పుడు ఒక్కటే. అది మాది," అన్నాడు.

"మిమ్మల్ని మాన్పించిందే ఆ చప్పుడు భరించలేక కదయ్యా?" అన్నాడు ఎలుగుబంటి.

"అప్పుడది గోల. ఇప్పుడది భద్రత."

ఈ మాట నక్కకి ఎంత నచ్చిందంటే వెంటనే టేకాకు మీద రాసేసుకున్నాడు.

మర్నాటినుంచి మెరక దగ్గర సాధన కోసం మెత్తమ్మ ముందు బుసలయ్య బుసలు కొడుతూ నడిచాడు. నాలుగో రోజుకి ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి. చప్పుడు చేసే సిబ్బందిని అలసిపోనివ్వకూడదని సంఘం ఆయన్ని మెత్తమ్మ వీపు మీదికి ఎక్కించింది. బుసతోపాటు దుమ్ము కూడా లేవకపోతే దున్న వస్తోందని ఎవరూ నమ్మరని, బుట్టెడు దుమ్ముతో ఒక కోతిని ఆయన పక్కన కూర్చోబెట్టింది.

"మరి ప్రయాణికులు ఎక్కడ కూర్చోవాలండీ?" అని అడిగింది మెత్తమ్మ.

"ముందు భద్రత కానీ," అన్నాడు నక్క. "ప్రయాణికుల సంగతి తర్వాత చూద్దాం."

ఆ రాత్రి ఆమెకి నడుం నొప్పితో నిద్ర పట్టలేదు. అంతకంటే బాధ, తన అడుగు ఎలా పడుతోందో తనకే వినపడకపోవడం.

మంచి రోజు చూసి మలుపు దగ్గరే ప్రారంభోత్సవం పెట్టారు. వెదుళ్ళతో వేదిక కట్టారు. ఎలుగుబంటి, నక్క పైన కూర్చున్నారు. మెత్తమ్మ బయల్దేరింది. పైన బుసలయ్య బుసలు, కోతి దుమ్ము. కళ్ళు తెరవలేక తొండంతో దారి తడుముకుంటూ వస్తోంది.

సాంబయ్య చెవిన ఆ బుస పడింది. ఆయనకి అది హెచ్చరికలా వినపడలేదు. దున్నలు తిరిగిన రోజుల్లో ఆ మలుపులో ఆగి జనాన్ని ఎక్కించుకునేవి. చాలారోజులకి మళ్ళీ దున్న వస్తోందని సంబరపడి, దారి మధ్యలోకి వచ్చి చెయ్యెత్తి నిలబడ్డాడు.

దుమ్ములోంచి మెత్తమ్మకి ముళ్ళు లీలగా కనిపించాయి. "తాతా, జరుగు!" అని అరిచింది. ఆ బుసల్లో అది ఎవరికీ వినపడలేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, ఉన్నచోట నిలబడిపోయింది.

ఆమె ఆగింది. బుసలయ్య ఆగలేదు. ఆమె తల మీదుగా ఎగిరి వెళ్ళి వేదిక మీద పడ్డాడు. ఎలుగుబంటి తేనెకుండలతో సహా ఊటలోకి దొర్లాడు. నక్క తప్పుకున్నాడు గాని ఆయన తోక తప్పుకోలేదు.

వారం తర్వాత నక్క తోకకి ఆకుకట్టుతో వచ్చి విచారణ నివేదిక చదివాడు. "బుసలయ్యగారు పడేటప్పుడు ఏ చప్పుడూ చెయ్యలేదు. అందువల్లే వేదిక మీది పెద్దలు తప్పుకోలేకపోయారు. కాబట్టి ఆయన పడబోయినప్పుడల్లా కేక వెయ్యడానికి ఆయన కొమ్ము మీద ఒక మైనాని నియమించాలి. అలాగే మెత్తమ్మ చప్పుడు లేకుండా ఆగింది. కాబట్టి నడిచేటప్పుడు బుసకొట్టడానికి ఒక దున్న, ఆగేటప్పుడు బుసకొట్టడానికి ఇంకో దున్న ఉండాలి."

"ఆగకపోతే తాత చచ్చిపోయేవాడండీ," అంది మెత్తమ్మ.

"ఆగవద్దని ఎవరన్నారు? చప్పుడు చేస్తూ ఆగమంటున్నాం."

ఎలుగుబంటి తలూపాడు.

ఇప్పుడు మెత్తమ్మ వీపు మీద రెండు దున్నలు, ఒక మైనా, ఒక కోతి, రెండు బుట్టల దుమ్ము ఉంటాయి. ప్రయాణికులు వెనకాల నడిచి వెళ్తారు. ఏనుగు మీంచి పడి దెబ్బ తగిలిన ప్రయాణికుడు ఈ ఏడాది ఒక్కడూ లేడని సంఘం గర్వంగా చెప్పుకుంటోంది.

అలా నడిచేవాళ్ళలో అందరికంటే ముందు, మెత్తమ్మ తోక పట్టుకుని సాంబయ్య నడుస్తాడు. తొక్కుతారన్న భయం లేని చోటు అదొక్కటే అని ఆయన లెక్క.

"ఇప్పుడు నువ్వు రావడం బాగా వినపడుతోందమ్మా," అని ఒకరోజు గొంతు చించుకుని చెప్పాడు.

"ఏంటి తాతా?" అంది మెత్తమ్మ.

నీతి: మెత్తగా నడవాలనుకునేవాళ్ళు, ముందుగా బుసకొట్టేవాళ్ళని నెత్తికెక్కించుకోవాలి.