కారుతున్నది ఎవరి కప్పు?

వ్యాపార సముదాయం పైకప్పు దివ్యంగా ఉందని దుకాణదారుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిన రోజున, ఆ కప్పు కిందే, మూడో అంతస్తులో, టైలరమ్మ కుట్టుమిషను తొక్కుతోంది. పక్కన తమ్ముడు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు మిషనుకి. ఆవిడ ఎలాగూ తడిసిపోయింది.

బడిపిల్లల యూనిఫారాలు మూటకట్టి మూలన పెడితే, రాత్రి వానకి నీలం లాగుల రంగు తెల్ల చొక్కాల్లోకి దిగింది. ఇంకోసారి ఇలా జరిగితే పని వేరేవాళ్లకి ఇస్తామని బడివాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆ పని పోతే దుకాణానికి తాళమే.

ఆవిడ కిందికి దిగి, సంఘం అధ్యక్షులైన మందులషాపాయన దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యగారూ, కప్పు కారుతోందండీ."

"కారడం కాదమ్మా, చెమ్మ. రెండింటికీ చాలా తేడా ఉంది."

"బకెట్టు నిండుతోందండీ!"

"అయితే కాస్త పెద్ద చెమ్మ."

ఆయన్ని తప్పుపట్టలేం. ఆయన షాపు కింది అంతస్తులో ఉంది. అన్నేళ్ల అధ్యక్షతలో ఆయన నెత్తిన ఒక్క చుక్క పడిన పాపాన పోలేదు. పైగా సంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కప్పు పరిశీలనకు ఉపసంఘం వేసింది. వానలో పైకెక్కితే కాలుజారే ప్రమాదం ఉన్నందున, ఉపసంఘం మండుటెండలో వెళ్లి, కప్పు పొడిగా ఉన్నట్టు కళ్లారా చూసి, చల్లటి పానీయాలు తాగి దిగివచ్చింది. ఇంతకంటే శాస్త్రీయంగా ఎవరు చేస్తారు?

టైలరమ్మకి శాస్త్రం వంటబట్టలేదు. సర్వసభ్య సమావేశంలో తడి చొక్కా తీసుకెళ్లి, అధ్యక్షులవారి బల్లమీద బట్ట పిండినట్టు పిండింది. నీలంనీళ్లు ఆయన ఉపన్యాసం కాగితాల మీదుగా ఒళ్లోకి కారాయి. మరమ్మతుకు సంఘం అప్పటికప్పుడు అంగీకరించింది.

తారు పూసే మేస్త్రీ వచ్చి, ముందు పైనున్న సామానంతా తీయమన్నాడు. తీయడమంటే మాటలా! కోచింగు మాస్టారు అక్కడ రేకుల షెడ్డు వేసి తరగతులు నడుపుతున్నారు. వ్యాయామశాలవాడు విరిగిన ఇనుమంతా అక్కడే దాచాడు. అధ్యక్షులవారి దగ్గుమందు బోర్డు ఇనపకాళ్లతో శ్లాబులోకి దిగి ఉంది.

"విద్యను కూలగొడతారా?" అని మాస్టారు గర్జించారు.

"ప్రజారోగ్యాన్ని పీకేస్తారా?" అని అధ్యక్షులు గద్గదస్వరంతో అన్నారు. ప్రజారోగ్యమంటే దగ్గుమందు బోర్డు.

వ్యాయామశాలవాడికి మాట దొరక్క, కండ చూపించాడు.

టైలరమ్మ కొంగు బిగించింది. "మీరంతా తలో చిల్లూ పొడిచి, నా నోట్లో మట్టి కొడుతున్నారు! సిగ్గులేదూ?" అని దులిపేసింది. సిగ్గు ఉందని నిరూపించుకోవాల్సిన అవసరం సభ్యులకి వచ్చింది. మళ్లీ వాన పడ్డప్పుడు చూసి, ఎవరి చిల్లులోంచి నీళ్లు దిగుతుంటే వాళ్లే ముందు తీసెయ్యాలని ఒప్పందం కుదిరింది. చూసివచ్చే బాధ్యత టైలరమ్మకే అప్పగించారు. వానలో పైకెక్కే ధైర్యం ఇంకెవరికీ లేదు మరి.

వాన పడింది. అక్కాతమ్ముళ్లు పైకెక్కారు. మాస్టారి షెడ్డు కింద పొడిగా ఉంది. వ్యాయామశాల ఇనుము తుప్పు పట్టిందే తప్ప, దాని కింద చిల్లు లేదు. దగ్గుమందు కాళ్ల దగ్గర నీళ్లు నిలిచాయి గానీ దిగడంలేదు. అటు చివర మాత్రం సుడి తిరుగుతూ, గుటగుటమని చప్పుడు చేస్తూ, ఒక ఇనపకాలు పక్కనుంచి నీళ్లు పాతాళానికి పోతున్నాయి. ఆ కాలు మీద గౌను వేసుకున్న బొమ్మతో, రంగుల దీపాలతో నిలబడ్డ బోర్డు దగ్గుమందు బోర్డుకి రెట్టింపు ఉంటుంది. అలా ఉండాలని పట్టుబట్టి, నిరుడే చేయించుకుంది టైలరమ్మ.

"అక్కా... ఇది మనదేనే!"

"నోర్ముయ్, వింటారు."

ఆవిడ పిట్టగోడ మీంచి వంగి చూసింది. బస్టాపులో జనమంతా తలలెత్తి బోర్డు వంకే చూస్తున్నారు. ఈ బోర్డు తీసేస్తే తన దుకాణం ఉందని ఎవరికి తెలుస్తుంది? ముఖం తుడుచుకుని దిగివచ్చింది.

మెట్లమీద సంఘం యావత్తూ ఎదురుచూస్తోంది. ఒక్కొక్కరి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరిదని తేలిందమ్మా?" అన్నారు అధ్యక్షులు.

"అందరిదీనండీ."

ఎంత గొప్ప మాట! మెట్లమీదే చప్పట్లు మోగాయి. అందరిదీ అన్నాక ఎవరో ఒకరిది అనడం అన్యాయం కదా. కప్పు సమష్టి వారసత్వమనీ, దాన్ని విభజించి చూసేవారు ఐక్యతకు శత్రువులనీ అధ్యక్షులు అక్కడికక్కడే ఉపన్యసించారు. మేస్త్రీని పంపేశారు. టైలరమ్మని ఉపాధ్యక్షురాలిని చేశారు.

ఇప్పుడు ఆవిడ మిషన్ని గదిలో రెండో పక్కకి జరిపింది. యూనిఫారాలు పొడిగా ఉంటున్నాయి. చుక్కలు గిరాకీలు కూర్చునే బల్లమీద పడుతున్నాయి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు మొదటి చుక్కకి ఉలిక్కిపడతారు. రెండో చుక్కకి పక్కకి జరుగుతారు. పైకి చూసినవాళ్లు గానీ, ఇదేమిటని అడిగినవాళ్లు గానీ ఇంతవరకూ లేరు. మీరు వెళ్లినప్పుడు కూడా కంగారుపడకండి. బల్ల పొడుగ్గానే ఉంది. అలవాటేగా, కాస్త జరిగి కూర్చోండి.