ఖాళీ కుర్చీలకు జేజేలు

ప్రజలు రాని ప్రజాచైతన్య సదస్సు కన్నా గొప్ప సదస్సు ఈ లోకంలో లేదు!

నవ్వకండి. ఆషామాషీగా అంటున్న మాట కాదిది. మూడేళ్లుగా మా పేట పెర్మాకల్చర్ బృందానికి నేను కార్యదర్శిని. ఇప్పటికి పద్దెనిమిది అవగాహన సదస్సులు జరిపాను. అందులో పదిహేడింటికి జనం రాలేదు. ఆ పదిహేడూ దిగ్విజయంగా జరిగాయి. జనం వచ్చిన ఆ ఒక్కదాని సంగతి కాసేపాగి చెబుతాను. ముందే చెబితే మీరు తట్టుకోలేరు.

పెర్మాకల్చర్ అంటే ఏమిటంటారా? చాలా సులువు. మట్టిని ఎండకు వదిలేయకుండా ఎండుటాకులతో కప్పి ఉంచడం, ఒక మొక్కకు ఇంకో మొక్కను తోడు పెట్టడం, వంటింటి తొక్కల్ని ఎరువు చేయడం, మిగతా పని ప్రకృతికి వదిలేసి మనం పక్కకు తప్పుకోవడం. అంతే. ఇంత సులువైన విషయం మనుషుల బుర్రకెక్కాలంటే ఒక బృందం ఉండాలి కదా! బృందానికి అధ్యక్షుడు ఉండాలి. అధ్యక్షుడు చెప్పింది రాసుకోవడానికి కార్యదర్శి ఉండాలి.

అధ్యక్షులు మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త. లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు. నలభై ఏళ్లపాటు గంటకొట్టేదాకా మాట్లాడటానికి అలవాటుపడ్డ మనిషి హఠాత్తుగా గంట లేని ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది? మా అక్కయ్య వారం రోజులు ఓర్చుకుని, ఎనిమిదో రోజున నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావగారిని ఏదైనా సంఘంలో పడేయరా. నీకు పుణ్యముంటుంది" అంది.

ఏ సంఘంలోనూ అధ్యక్ష పదవి ఖాళీ లేదు. అందుకని ఆయనే ఒక సంఘం పెట్టుకున్నారు. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉత్తరాలు రాసే సెక్షన్లో ఉన్నాను కాబట్టి కార్యదర్శిని అయ్యాను. పేట చివర క్లినిక్ ఉన్న పళ్ల డాక్టరుగారు ప్రచార బాధ్యత తీసుకున్నారు. మా పోస్టర్లన్నీ ఆయన క్లినిక్ గోడల మీదే ఉంటాయి. బుగ్గ వాచిన మనిషి పోస్టరు చదవగలడు గానీ ఎదురు ప్రశ్న వేయలేడు. ప్రచారానికి అంతకన్నా అనువైన చోటు ఇంకేముంది?

మాకో తోట కూడా ఉంది. లైబ్రరీ వెనకాల ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్లలూ పోసిన జాగాని మునిసిపాలిటీవారు మూడేళ్ల గడువు మీద మాకిచ్చారు. మొదటిరోజు రిబ్బను కట్ చేసి, నలభై మొక్కలు నాటి, ఫొటోలు దిగి, పైన లైబ్రరీ హాల్లోకి వెళ్లి మొదటి సదస్సు పెట్టుకున్నాం. ఆ తర్వాత సదస్సులన్నీ ఆ హాల్లోనే. కిటికీలోంచి చూస్తే కింద తోట పచ్చగా, నెలనెలకీ ఇంకా పచ్చగా కనిపించేది. "చూశావుటోయ్, మన ప్రచారం ఫలిస్తోంది!" అనేవారు బావగారు. నేను మినిట్స్ పుస్తకంలో ఆ మాట యథాతథంగా రాసేవాణ్ని.

ఇక ఖాళీ కుర్చీల గొప్పదనం వినండి.

ఖాళీ కుర్చీ మధ్యలో లేచి వెళ్లదు. ఫోన్ మాట్లాడదు. ఉపన్యాసం రసవత్తరంగా ఉన్నప్పుడు పక్క కుర్చీతో గుసగుసలాడదు. "వానపాములు కరుస్తాయాండీ?" అని అడగదు. టీ తాగదు, కాబట్టి మిగిలిన టీ అంతా కార్యవర్గానిదే! మైకు కుయ్యోమన్నా చెవులు మూసుకోదు. ఇంత సంస్కారం ఉన్న శ్రోతలు మీకు మరెక్కడైనా దొరుకుతారా?

దారితప్పి వచ్చినవాళ్లను నేను లెక్కలోకి తీసుకోను. ఒకసారి ఒకాయన ముందు వరుసలో గోడవారగా కూర్చున్నాడు. బావగారు పొంగిపోయి ఆయన ఒక్కడి కోసం గంటంబావు మాట్లాడారు. చివర్లో, "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగితే ఆయన చెయ్యెత్తాడు. మా అందరికీ ఒళ్లు పులకరించింది.

"ఏం లేదండీ, నా ఫోను ఛార్జింగ్ అయిపోయింది. స్విచ్చి నేను ఆపెయ్యనా, మీరు ఆపేస్తారా?" అన్నాడు.

మరోసారి పోస్టర్లో 'కల్చర్' అన్న మాట చూసి భార్యాభర్తలిద్దరు ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. "డాన్సు ఏ వయసు నుంచి నేర్పుతారండీ?" అని అడిగింది ఆవిడ. ఇది మట్టికి సంబంధించిన విద్య అని బావగారు వివరించారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "పోనీ బొమ్మలు చేయడం నేర్పండి. ఇంతదూరం వచ్చాం కదా!" అంది.

మా వాట్సాప్ గ్రూపులో నాలుగువందల పన్నెండుమంది ఉన్నారు. ప్రతి సదస్సుకూ తొంభైమంది తక్కువ కాకుండా "తప్పకుండా వస్తాం" అని పెడతారు. సదస్సు అయ్యాక అదే తొంభైమంది "అద్భుతంగా జరిగింది, అభినందనలు" అని పెడతారు. రాకుండానే ఇంత సంతృప్తి చెందే జనాన్ని రమ్మని ఇబ్బంది పెట్టడం ఏం న్యాయం చెప్పండి?

ఇప్పుడు జనం వచ్చిన ఆ ఒక్క సదస్సు సంగతి. కిందటేడాది పళ్ల డాక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. పోస్టర్లో అడుగున 'మొక్కలు ఉచితం' అని రాయించారు. ఆ రెండు మాటలకి మూడొందలమంది వచ్చారు! పైన హాలు సరిపోక కార్యక్రమాన్ని తోటలోకి మార్చాం. బావగారు మొదటి సూత్రం చెప్పడం మొదలుపెట్టారు: "పాదుల్లో మట్టిని తొక్కకూడదు." వెనకవాళ్లకు వినపడక ముందుకొచ్చి పాదుల్లో నిలబడి మరీ విన్నారు. మొక్కలు ఆరు నిమిషాల్లో అయిపోయాయి. దొరకనివాళ్లు ఊరికే పోవడం ఇష్టంలేక, నాటిన మొక్కల్ని వేళ్లతో సహా పీక్కుపోయారు. ఒకావిడ నీళ్లుపోసే డబ్బా పట్టుకెళ్లింది. 'పెర్మాకల్చర్ తోట, అందరికీ స్వాగతం' అన్న మా బోర్డు కూడా మాయమైంది. పాపం, దాన్ని ఎవరు ఏ గుమ్మానికి కట్టుకున్నారో!

ఆ రోజు సాయంత్రం కిటికీలోంచి చూస్తే తోట కుస్తీపోటీలు జరిగిన మైదానంలా ఉంది. బావగారికి నోటమాట రాలేదు. ఆయన జీవితంలో అలా జరగడం అదొక్కసారే. విచిత్రమేమిటంటే, నెల తిరిగేసరికి తోట మళ్లీ పచ్చబడింది. ప్రకృతి మహిమ అని మినిట్స్‌లో రాశాను.

ఇదిలా ఉండగా మూడేళ్ల గడువు దగ్గరపడింది. మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ జాగాలో వాహనాల పార్కింగ్ పెట్టాలనుకుంటున్నారట. తోటలో పేటవాసుల భాగస్వామ్యం నిజంగా ఉందని తేలితేనే గడువు పొడిగిస్తారట. వచ్చే ఆదివారం పదిగంటలకు ఒక అధికారి వచ్చి స్వయంగా చూస్తారట.

బావగారు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి కళ్లజోడు తీసేశారు. "తోట పోతే నేనేం చెయ్యనోయ్?" అన్నారు. ఆ గొంతులో ఉపన్యాసం లేదు. మా అక్కయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నా వైపు చూసిన చూపులో ఒకటే ప్రశ్న: ఈ మనిషి మళ్లీ రోజంతా ఇంట్లోనా?

యుద్ధప్రాతిపదికన అయిదు సమావేశాలు పెట్టాం. 'భాగస్వామ్యం' అన్న మాట పోస్టర్లో పైన ఉండాలా కింద ఉండాలా అన్నదానికే రెండు సమావేశాలు పట్టాయి. బంధువుల్ని బతిమాలాం. మా ఆవిడ తన తరఫు నుంచి ఏడుగురిని తెస్తానంది, వాళ్లలో నలుగురికి మాత్రమే మోకాళ్ల నొప్పులు. పళ్ల డాక్టరుగారు ఆదివారం పదిగంటలకు పన్నెండుమంది పేషెంట్లకు తోటలోనే అపాయింట్‌మెంట్ ఇచ్చేశారు!

గురువారం పొద్దున ఆరున్నరకు బావగారి దగ్గర్నుంచి ఫోన్.

"ఏమోయ్, కొంప మునిగింది! ఆ అధికారి ఇవాళే వచ్చేశారట. ఆదివారం వాళ్లింట్లో ఏదో పని పడిందట. తోటలో ఉన్నానని ఫోన్ చేశారు. పరుగెత్తుకు రా!"

చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పరుగెత్తాను. లైబ్రరీ మలుపులో బావగారు ఎదురయ్యారు, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అక్కయ్య చెప్పు. తోట మలుపు తిరిగి ఇద్దరం అక్కడే నిలబడిపోయాం.

తోటనిండా జనం!

పాతికమందికి తక్కువ లేరు. ఒకాయన తొక్కల బకెట్టు ఎరువు గుంటలో వంచుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు టమాటా మొక్కలకు కర్రలు కడుతూ నవ్వుకుంటున్నారు. స్కూలు టీచరులా ఉన్న ఒకావిడ కలుపు తీస్తోంది. మునిసిపాలిటీ అధికారిణి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నోట్‌బుక్కులో గబగబా రాసుకుంటున్నారు. ఆవిడ పక్కన, మెడలో టేపు వేసుకున్న ఒక యాభై ఏళ్లావిడ, పాదు మీద గుడ్డముక్కలు పరుస్తోంది.

"రండి రండి," అన్నారు అధికారిణి. "మీ ప్రచారం ఇంత లోతుగా వెళ్లిందని నేననుకోలేదండీ. ఈవిడ మీ బృందంలో ఏ హోదాలో ఉన్నారు?"

బావగారు నా వైపు చూశారు. నేను బావగారి వైపు చూశాను.

"ఈవిడ... మా క్షేత్రస్థాయి..." అని మొదలుపెట్టారు బావగారు.

"నాకు హోదా ఏంటమ్మా," అంది ఆవిడ తలెత్తకుండానే. "ఎదురుగా కుట్టుషాపు నాది. మూడేళ్ల కింద ఎవరో పెద్దమనుషులు వచ్చి ఫొటోలు దిగి, మొక్కలు పెట్టేసి పోయారు. మూడోరోజుకి వాడిపోయినయ్. చూస్తూ కూర్చోలేక నీళ్లు పోశా. అంతే."

"మరి ఇంతమంది ఎలా వచ్చారు?" అని అడిగారు అధికారిణి.

ఆ పెద్దమనుషులు ఎవరో తెలిసిపోతుందేమోనని మేమిద్దరం ఎరువు గుంట వైపు ఆసక్తిగా చూస్తున్నాం. అయినా చెవులు ఇటే ఉన్నాయి.

"షాపులో చోటు లేదు కదమ్మా. బట్టలు పొద్దున్నే ఇక్కడే ఇస్తానని చెబుతా. వచ్చేటప్పుడు ఇంట్లో తొక్కలు ఉంటే పారెయ్యకుండా తెమ్మంటా. వస్తారు. కాజాలు ఇంకా కుట్టలేదు, రేపు రండి అంటా. రేపూ వస్తారు. ఊరికే నిలబడతారా, ఆ గడ్డి కాస్త పీకండి అంటా. ప్యాంటు చేతికొచ్చేసరికి అలవాటు పడిపోతారు."

"నా చొక్కా పోయిన సంవత్సరమే ఇచ్చేసిందండీ," అన్నాడు బకెట్టాయన. "అయినా వస్తున్నా. ఇక్కడికి రాకపోతే పొద్దు పొడిచినట్టుండదు."

అధికారిణి అక్కడికక్కడే అయిదేళ్ల పొడిగింపుకి సిఫారసు రాసి, రెండు బెండకాయలు కోసుకుని, రవికకు కొలతలిచ్చి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే కార్యవర్గ సమావేశం. 'కార్యవర్గపు అవిశ్రాంత కృషి ఫలితంగా' అని మొదలయ్యే తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాం. మూడేళ్లుగా ఆరు వందల పేజీలు రాసిన కలం ఆ వాక్యం దగ్గర కాస్త మొరాయించింది. ఇంకు అయిపోయిందేమో అనుకున్నాను. బావగారు మాత్రం ఉదారంగా, "ఆవిడకి కూడా ఏదో ఒక పదవి ఇవ్వాలోయ్. ప్రచార విభాగం కన్వీనర్ అంటే బాగుంటుంది. నువ్వెళ్లి చెప్పిరా" అన్నారు.

మర్నాడు ఆరింటికి నియామకపత్రం టైపు చేయించి తీసుకెళ్లాను. ఆవిడ చేతులు మట్టిగా ఉన్నాయని నన్నే చదవమంది. గొంతు సవరించుకుని చదివాను.

"ఇందులో నేను చెయ్యాల్సిన పనేంటి బాబూ?" అని అడిగింది.

"నెలకు రెండు సమావేశాలు. ఆదివారం పదింటికి. పోస్టరు మీద చర్చ, నివేదిక మీద చర్చ..."

"ఆ టైముకి నీళ్లెవరు పోస్తారు?"

మూడేళ్లలో ఏ సదస్సులోనూ ఎవరూ అడగని ప్రశ్న! ఖాళీ కుర్చీల్ని నేను అంతగా ఎందుకు మెచ్చుకునేవాణ్నో అప్పుడు తెలిసింది. అవి ఇలాంటివి అడగవు.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, నా చేతిలోని కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, గుడ్డముక్కల సంచి కింద జాగ్రత్తగా పెట్టింది. నీళ్ల పైపు నా చేతికిచ్చింది. "ఆ చివర నుంచి పోసుకురండి. పాలకూరకి సన్నగా, బెండకి కాస్త ఎక్కువ" అంది.

పాలకూర ఏదో, బెండ ఏదో నాకు తెలియదు. అడగడానికి సిగ్గేసింది. అన్నింటికీ సమానంగా పోసుకుంటూ పోతున్నాను. ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. ఆఫీసు టైము గుర్తు రాలేదు. ఇంతలో తొక్కల సంచి పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. నేను నీళ్లు పోస్తున్న తీరు కాసేపు చూసి, జాలిపడి, నా చెయ్యి పట్టుకుని పైపు కాస్త కిందికి వంచింది.

"కొత్తగా చేరావా నాయనా?" అని అడిగింది.

"అవునండీ," అన్నాను. "ఇవాళే."