రేకులకెక్కిన చిల్లికాణీలు

నవ్వండి బాబూ, నవ్వండి. చోడవరం బజారంతా ఇప్పటికే నవ్వేసింది. మీరే మిగిలేరు.

పోయినేడు వానలకి మా వంటసాల తాటాకు కారి, పొయ్యిలోకి నీళ్ళు దిగేయి. మా ఆవిడ అచ్చియ్యమ్మ తడికట్టెల పొగలో నెలంతా ఏడ్చి, ఈ ఏడు తేల్చి సెప్పేసింది. "ఏటండీ, వానలు దిగేలోపు రేకులు పడ్డాయా సరే. లేకపోతే పొయ్యి దగ్గర కూకునేది మీరే."

నా వంట నేను తినడమంటే నాకు చచ్చే భయం. అనకాపల్లి వెళ్ళి రేకులూ, పెద్ద తలల మేకులూ తెచ్చేను. మేకుకీ రేకుకీ మధ్య బొక్క బిళ్ళలు, అదే వాషర్లు కూడా కావాలట. మన బజార్లో ఇనుము అమ్మే పరదేశి లేడూ, ఇనప్పరదేశి, వాడి కొట్టుకెళ్ళేను.

"వాషరు అర్ధణా, గణపతిరావు బాబూ."

"అర్ధణాయా! ఇంత బొక్కకా?"

"బొక్క ఊరికినే బాబూ. సుట్టూ ఉన్నదానికే డబ్బులు."

అప్పుడు తట్టింది నాకు. యుద్ధం రోజుల్లో రాగి చాలక, దొరల సర్కారు కాణీ నడిమధ్యన బొక్క పెట్టి అంత రాగీ మిగుల్చుకుంది కదా? రాజుగారి తలకాయి ఎగిరిపోయి కిరీటం ఒక్కటే మిగిలింది. దొరలు పోయి నాలుగేళ్ళయినా మనూళ్ళో ఆ చిల్లికాణీలే నడుస్తన్నాయి. గుర్రంబొమ్మ కొత్త కాణీలు చోడవరం దాకా ఇంకా పరిగెత్తుకు రాలేదు. అర్ధణాకి కాణీలు రెండు. అంటే సర్కారు ముద్ర వేసిన వాషరు, సగం ధరకి! కచేరీ గుమాస్తాని, ఆ మాత్రం లెక్క రాదేటి నాకు?

పరదేశికే అణా ఇచ్చి చిల్లర అడిగేను. నాలుగు సర్కారు వాషర్లు నా చేతిలో పెట్టి, "ఇంకేటి కావాలి బాబూ?" అన్నాడు పాపం.

ఇక చూడండి నా తిరుగుడు. కాఫీ ఓటేలు, కిళ్ళీ బడ్డీ, వడ్డాది సంత, ఎక్కడ చిల్లికాణీ కనబడితే అక్కడ నేనున్నాను.

"రూపాయిలు పట్టుకెళ్ళి మూటలు తెస్తన్నారేటండీ?" అంది మా ఆవిడ.

"నువ్వూరుకోవే. ఇది ఇంజనీరింగు."

"అయ్యో, లచ్చిందేవికి మేకు కొడతారా!"

"బొక్కలోంచే కదే దూరుస్తన్నాను. అమ్మవారికి దెబ్బ తగలదు."

ఎండలో మాడి, బొటనవేలు చితక్కొట్టుకుని, మొత్తానికి రేకులు వేసేను. కప్పు ధగధగలాడిపోయింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మర్నాటి నుంచి కంచంలో తోటకూర మొదలైంది. పొద్దున్న తోటకూర పప్పు. రాత్రి తోటకూర పులుసు. మర్నాడు తోటకూర వేపుడు.

"ఏటే ఇది, నేనేవన్నా మేకనా?"

"ఏం చెయ్యమంటారండీ? ఆకుకూరల సన్యాసమ్మ దగ్గర చిల్లర లేదట, ఇంకో కట్ట పట్టుకెళ్ళమంటంది. ఊళ్ళో కాణీలన్నీ ఎవడో మింగేసేడట."

నేను గబుక్కున కప్పు కేసి చూసేను. నేను చూడ్డం ఆవిడ చూసింది. సంచి పట్టుకుని బజారుకెళ్ళిపోయింది. గండం గడిచిందనుకున్నాను.

సాయంత్రం కచేరీ నుంచి వచ్చేసరికి, రోలుగుంట వైపు ఆకాశమంతా నల్లగా కమ్మేసింది. మా వంటసాల మీద పరదేశి కూకుని మేకులు పీకుతన్నాడు!

"ఒరే పరదేశీ! వాన ముంచుకొస్తంటే కప్పు పీకుతావేట్రా!"

"అమ్మగారు బేరం కుదిర్సేరు బాబూ. మీ కాణీకో వాషరు. బిగించిన కూలి కూడా అడగను."

"అర్ధణా వాషరు కాణీకా? మరి నాకివ్వలేదేం?"

"అప్పుడు కాణీలకి కరువేటి బాబూ? ఇప్పుడు వచ్చినోడికి చిల్లరియ్యలేక కొట్టు కట్టేసుకునేలాగున్నాను."

వంటసాలలోంచి మా ఆవిడ తల బయటపెట్టింది. "మీరు బజారంతా ఊడ్చేసేరు కదండీ. ఇక కాణీ ధర నేను సెప్పిందే."

"అయితే ఆలోచన నాదే కదే!" అన్నాను మీసం దువ్వి.

"కాదన్నానేటి? అందుకే బేరంలో మిమ్మల్ని కూడా కలిపేను. నిచ్చెన మీరు పట్టుకుంటారని సెప్పేను."

పట్టుకున్నాను. ఏం చెయ్యను? ఆఖరి వాషరు బిగించడం, వాన దంచడం ఒక్కసారే అయ్యేయి. పరదేశి కాణీల మూటతో దిగి చటుక్కున లోపలికి దూరేడు. "ఆ నిచ్చెన పెరట్లో పెట్టి రండి" అని మా ఆవిడ కేక.

ఎంత వాన బాబూ అది! అయినా లోపల పొయ్యి ఎర్రగా మండుతంటే సూసి నాకూ సంబరంగానే ఉన్నాది.

"ఏవండోయ్! ఒక్క చుక్క పడలేదండీ!" అని అరిచింది మా ఆవిడ.

నిజమే. చుక్కలన్నీ నామీదే పడ్డాయి.