అమ్మ నిద్ర కోసం ఏడు కూడికలు

మా నాయన ఎలీషాను శిరివెళ్ల ఆటో స్టాండులో అందరూ 'ప్లాను ఎలీషా' అంటారు. ఆయన దగ్గర ప్రతి కష్టానికీ ఒక ప్లాను ఉంటుంది. ప్రతి ప్లాను వెనకా ఒక కొత్త కష్టం ఉంటుంది.

పోయిన నెల అమ్మ ఆళ్లగడ్డ బస్సు దిగుతూ, టీకాల పెట్టెతో సహా కింద పడిపోయింది. మా ఊరి నర్సు మేరమ్మంటే అమ్మే. నంద్యాల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, కాగితాలు పక్కన పెట్టి అమ్మ ముఖం చూశాడు.

"కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?"

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మా బ్లెస్సీ పుట్టినప్పుడు సార్. ఆసుపత్రిలో."

నాకిప్పుడు పదహారేళ్లు.

"ఏళ్ల తరబడి పేరుకున్న అలసట ఇది. నెల రోజులు సెలవు పెట్టి నిద్రపోవాలి. బీపీ ఇట్లాగే ఉండి మళ్లీ పడితే, లేవడం కష్టం" అన్నాడు డాక్టరు.

"అలుపు గూడా రోగమేనా?" అన్నాడు నాయన బయటికొచ్చాక. కానీ ఆటోకు ఇంటి తాళంచెవి పెట్టి తిప్పాడు.

మొదటి ప్లాను ప్రకారం అమ్మ ఫోను బియ్యం డ్రమ్ములోకి వెళ్లింది. అది మోగినప్పుడల్లా అమ్మ మంచం మీద లేచి కూర్చునేది.

"ఏందీ, బియ్యం మోగుతాండాయి?"

"నువ్వు పండుకో మే. బియ్యం సంగతి నేను చూసుకుంటా."

ఫోను ఎత్తకపోయేసరికి జనం ఇంటికే రావడం మొదలుపెట్టారు.

"ఆదివారం చర్చిలో చెప్పేస్తా. నీకు బాగలేదని తెలిస్తే ఎవురూ రారు" అన్నాడు నాయన.

"వద్దప్పా. మనోళ్ల సంగతి నీకు తెల్దా?"

"నీ పని పండుకోవడం. ప్లాను నాకొదిలెయ్."

మా చర్చిలో ఎవరికైనా బాగాలేదంటే వాళ్ల ఇంట్లోనే ప్రార్థన కూడిక పెడతారు. పుట్టినప్పటి నుంచి తెలిసిన ఈ సంగతిని నాయన ఆ ఒక్క ఉదయం మర్చిపోయి, అందరి ముందూ చెప్పేశాడు.

పాస్టరు డేవిడ్ అయ్యగారు ఆరాధన చివర లేచి ప్రకటించారు. "మేరమ్మ విశ్రాంతి కోసం ఏడు సాయంత్రాలు ఎలీషా ఇంట్లో కూడిక. సంఘమంతా రావాలి."

అమ్మ నాయన వైపు చూసింది. నాయన పాటల పుస్తకంలోకి చూశాడు.

మొదటి సాయంత్రం నలభై మంది వచ్చారు. ముందు వరుసలో మైకు మణెమ్మ కూర్చుంది. జన్మలో ఎప్పుడూ మైకు అవసరం పడలేదు కాబట్టి ఆమెకా పేరు.

"ప్రభువా! ఈ బిడ్డకు నిశ్శబ్దం దయచేయి తండ్రీ!" అని ఆమె పెట్టిన కేకకు పక్కింటి బర్రె పలుపు తెంచుకుంది.

ఆమెన్ తర్వాత టీ. నలభై గ్లాసులూ అమ్మే పెట్టింది. తాగిన గ్లాసు కింద పెట్టి మణెమ్మ చేయి చాపింది.

"ఎట్లాగూ వచ్చినాం గదా మేరమ్మా, ఒక్కసారి బీపీ చూడు."

ఆమె వెనక పంతొమ్మిది మంది వరుస కట్టారు.

అందరూ వెళ్లాక ఆ బీపీ మిషను నేను అమ్మ చేతికి కట్టాను. నూట అరవై. రెండో సాయంత్రం నూట డెబ్బై రెండు. ఆ అంకె నాయనకు చూపించాను.

"రావద్దని చెప్పు నాయనా."

"ప్రార్థనకొచ్చేటోళ్లని రావద్దని యాడైనా చెప్తారా మే?"

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. నలుగురి ముందు నోరు విప్పడం నాకు చేతకాదు.

మూడో సాయంత్రం జనం వచ్చే ముందు అమ్మ చాప చంకలో పెట్టుకుని పెరటి తలుపు దగ్గర చెప్పులేసుకుంది. ఎక్కడికి పోతోందో నా చెవిలో చెప్పింది.

"ఎవురడిగినా చెప్పగాకు."

"నన్నెవురూ అడగరులేమ్మా."

"అందుకే నీకు చెప్పినా."

రెండో పాట దగ్గర నాయనకు అనుమానం వచ్చింది. "మేరీ యాడ?" వంటింట్లో లేదు. పెరట్లో లేదు. టీ పెట్టే దిక్కు లేక తనే పొయ్యి వెలిగించి, చక్కెర రెండుసార్లు వేశాడు.

"బస్టాండు దిక్కు పోయి మళ్లీ పడిపోయిందేమో!" అని ఎవరో అన్నారు.

నాయన చేతిలోంచి టీ జల్లెడ జారిపోయింది. ఇద్దరు మగవాళ్లు మోటారు సైకిలు మీద రోడ్డెక్కారు. నాయన మణెమ్మను అడిగాడు, అయ్యగారిని అడిగాడు, సరిగా చెవులు వినిపించని రాములమ్మను కూడా అడిగాడు. నా పక్కనుంచి మూడుసార్లు పోయాడు గానీ నన్ను అడగలేదు.

ఇంకొంచెంసేపు ఆగితే అమ్మకు అంత నిద్ర దక్కుతుంది. కానీ నాలుగోసారి పోయి, వాకిట్లో ఆటోకు ఇంటి తాళంచెవి పెట్టి తిప్పుతున్నాడు. నంద్యాలలో చేసినట్లే.

నలభై మంది ముందు నిలబడి అరిచాను.

"అమ్మ చర్చిలో నిద్రపోతాంది!"

పాట ఆగిపోయింది.

"ఈ పిల్లకు ఇంత నోరుండాదా!" అంది మణెమ్మ.

"అందరూ మనింట్లోనే ఉండారు గదా నాయనా. చర్చి ఖాళీగా ఉంటాదని, అది ఊడ్చే బాలమ్మవ్వ కాడ తాళంచెవి తీసుకున్యాది."

నాయన చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. వెనకే నేను, నా వెనక సంఘం.

చర్చిలో ఫ్యాను కింద చాప, చాప మీద అమ్మ. కొంచెం నోరు తెరిచి గురక పెడుతోంది. నాయన పిలవబోయి, పెదవుల మీద వేలు పెట్టుకుని వెనక్కి తిరిగాడు. ఒక్కొక్కరినీ గుమ్మం దగ్గర్నుంచే పంపేశాడు. మైకు మణెమ్మ కూడా మునివేళ్ల మీద వెళ్లిపోయింది. అమ్మ లేచేదాకా ఆయన మెట్ల మీద కాపలా కూర్చున్నాడు.

"కూడిక అయిందా?" అంది అమ్మ, కళ్లు నులుముకుంటూ.

"అయింది."

"టీ ఎవురు పెట్టినారు?"

"నేనే."

"ఇంకెన్ని దినాలుండాయి?"

"నాలుగు."

"చాలవప్పా. నెలంతా పెట్టించు."

మరుసటి ఆదివారం నాయన నేల చూస్తూ లేచి, కూడికలు నెలంతా పెట్టమని అడిగాడు. ఆయన విశ్వాసానికి అయ్యగారి కళ్లు చెమ్మగిల్లాయి.

ఈ రోజుకు ఇరవయ్యో సాయంత్రం. చర్చిలో నిద్రపోయి వచ్చిన అమ్మ బీపీ నూట ముప్పై. టీ గ్లాసులన్నీ కడిగొచ్చి, భుజం మీద తడి తువ్వాలుతో నాయన కూడా చేయి చాపాడు. నూట యాభై.

"ఏమప్పా, నీక్కూడా విశ్రాంతి కావాల్నేమో!" అంది అమ్మ.

నాయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగా మే. చర్చిలో మాత్రం ఎవురికీ చెప్పగాకండి."