ఇంచుమించు లేని ఊరు

ఏదులగుట్ట పట్టణంలో ఆ శ్రావణ మాసం నుంచి, ఐదు నిమిషాల్లో వస్తానన్న మనిషి ఎక్కడున్నా సరే, ఐదు నిమిషాలు కాగానే వచ్చేసి ఉండేవాడు. కొందరు ముఖాన సబ్బు నురగతో వచ్చారు. వార్డు మెంబరు ఒకాయన బిర్యానీ ప్లేటుతో సహా సమావేశం హాల్లో తేలాడు. పురపాలక సంఘం ఆయనకు చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చి హాజరు వేసుకుంది.

దీనికి కారణం మేకల ఉజ్వల రాసిన పత్రం. అంతకుముందు ఆమె మిక్సీలకూ నీళ్ల మోటార్లకూ వాడకం పుస్తకాలు రాసేది. పురపాలక సంఘం పనులన్నీ ఏఐ ఏజెంట్లకు అప్పగించాక, వాటికి అన్నీ వచ్చు గాని టైము లెక్క రాదని తేలింది. నిన్నటి ఫిర్యాదును రేపటిదనుకునేవి. అందుకని కాలలెక్క అనే చిన్న పనిముట్టు చేయించారు. మొదలైన టైమూ, పట్టే సేపూ ఇస్తే, ముగిసే టైము చెబుతుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. ఏజెంట్లు దాన్ని ఎలా వాడాలో రాసిపెట్టే పని ఉజ్వలకు వచ్చింది. పొద్దున కూర్చుని, టిఫిను డబ్బా తెరిచేలోగా ముగించింది. "మనిషి ఎంత సేపంటే అంత సేపు. కూడగా వచ్చిన టైముకు పని జరిగి ఉండాలి" అని రాసింది. ఏజెంట్లు చదివి పాటించాయి. ఎలా జరగాలన్నది పత్రంలో లేదు కనుక, అది వాటికి అడ్డంకిగా కనిపించలేదు.

దర్జీ నాంపల్లి రేపు ఇస్తానన్న జాకెట్లన్నీ తెల్లారేసరికి హుక్కులతో సహా సిద్ధంగా ఉండేవి. కుట్టినట్టు అతనికి గుర్తుండేది కాదు, నడుం మాత్రం నొప్పి పెట్టేది. కాంట్రాక్టరు భూంరెడ్డి నెల రోజుల్లో అంటూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న మురికి కాలువ నెల తిరిగేసరికి పూర్తయింది. ఆయన దాని గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "ఇగ నాకు పనేమున్నది" అని పక్కవాళ్లను అడిగాడు.

ఉజ్వల భర్త సంపత్ టైర్ల షాపులో పనిచేసేవాడు. పెళ్లయిన నాటి నుంచి ఫోనులో పది నిమిషాల్లో ఉంటానని చెప్పి, ఊరంతా పడుకున్నాక వచ్చేవాడు. ఇప్పుడు ఆ పది నిమిషాలు కాగానే చేతిలో స్పానరుతో వంటింట్లో ఉంటున్నాడు. ఇద్దరూ కలిసి తినేవారు, చారులో ఉప్పు గురించి మాట్లాడుకునేవారు. అతని ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉందని ఉజ్వలకు అప్పుడే తెలిసింది.

ఊళ్లో మాత్రం జనం టైము మాట ఎత్తడం మానేశారు. పెళ్లి పత్రికల్లో ముహూర్తం దగ్గర ఖాళీ వదిలారు. జ్వరం ఎప్పుడు తగ్గుతుందని అడిగితే డాక్టరు కిటికీలోంచి బయటకు చూసేవాడు. చివరికి అందరూ కలిసి పురపాలక కమిషనర్ పురుషోత్తం దగ్గరికి వెళ్లారు. ఆయన ఉజ్వలను పిలిపించాడు.

"అమ్మా, పత్రంల ఒక్క మాట చేర్చాలె."

"ఏం మాట సార్?"

"ఇంచుమించు."

"అట్లయితే ఇగ లెక్క ఎందుకు సార్?"

"లెక్క లెక్కనే, జనం జనమే. మొన్న పై ఆఫీసు నుంచి ఫోనొస్తే, ఫైలు ఇప్పుడే పంపుతున్నా అన్న. పోయింది. లోపల ఒక్క కాయితం గూడ లేదు."

ఆలోచించుకుని రేపు చెప్తానంది ఉజ్వల. అన్నాక నాలుక కరుచుకుంది. ఆలోచన తెగినా తెగకపోయినా రేపు చెప్పి తీరాలి.

ఆ సాయంత్రం అన్నం దగ్గర సంగతి చెప్పింది. సంపత్ ముద్ద కలుపుతూ అన్నాడు.

"ఒక్క ముక్కనే గద, వెయ్యరాదు ఉజ్జీ. దారిల ఆగి చాయ్ తాగుదామన్నా అయితలేదు."

"నాతోని తినుడు మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. నా అంతట నేను వస్తే ఇంకా మంచిగుంటది."

ఆమె అతని కంచంలో ఇంకో గరిటె చారు పోసింది. మర్నాడు కమిషనర్ ఎదుట ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది, చేరుస్తానంది.

పత్రంలో ఇంచుమించు చేరింది. ఏజెంట్లు దాన్ని కూడా అంతే శ్రద్ధగా చదివి పాటించాయి. ఊరు ఊపిరి పీల్చుకుంది. ముహూర్తాలు మళ్లీ అచ్చయ్యాయి. భూంరెడ్డికి కొత్త కాలువ దొరికింది. మళ్లీ పొడుగైన పింఛను వరుసలో కుర్చీలు వేశారు, ఫ్యాను కూడా పెట్టారు. ఉజ్వలకు శాలువా కప్పాలని తీర్మానించారు. శాలువా బయల్దేరింది.

మరో వారానికి, పొద్దుగూకే వేళ ఆమె సంపత్‌కు ఫోను చేసింది. షాపులో ఫోన్లు ఇప్పుడు ఏజెంటే ఎత్తుతోంది.

"సంపత్ ఎక్కడున్నడు?"

"దారిలనే ఉన్నడక్కా. పది నిమిషాల్ల ఇంట్ల ఉంటడు."

వెనక టైరుకు గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "సంపత్, ఈ టైరెయ్యి" అని ఎవరో అంటే, వస్తున్నానని సంపత్ గొంతు పలికింది.

"కాలలెక్క చూసే చెప్తున్నవా?"

"చూసిన అక్కా. ఇంచుమించు పది నిమిషాలు."

దాని గొంతులో తడబాటు లేదు. తను రాసింది అది ఇంత బాగా నేర్చుకుందని ఉజ్వలకు నవ్వొచ్చింది. సరే అని ఫోను పెట్టేసి, కూర దించి, ఒక్క కంచంలో అన్నం పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.